చిత్తూరు నుంచి జైపూర్‌కు ఒక హెరాల్డ్: వెనక్కి వచ్చిన మొదటి ప్రయాణం, చేరిన రెండో ప్రయాణం

తిరుపతిలో నాది పాత కార్ల షెడ్డు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇంజన్ విప్పడం, బాడీ కట్టడం చేతికి వచ్చిన పనులు. కొన్నేళ్లుగా ఇంకో పని కూడా వచ్చి చేరింది. అమ్మానాన్నల కారును పిల్లలు తమ దగ్గరకు తీసుకుపోవాలనుకుంటారు. వాళ్లేమో పుణెలోనో, గురుగ్రామ్‌లోనో ఉంటారు. "అన్నా, కారు ఎట్ల పంపించాల?" అని నాకు ఫోన్ చేస్తారు. ఇప్పటిదాకా పాతిక కార్ల వరకు పంపి ఉంటాను. చాలావరకు సాఫీగానే పోయాయి, కాబట్టి వాటిలో చెప్పుకునేదేమీ లేదు. ఈ ఒక్క కారు మాత్రం నా లెక్కలన్నీ తిరగరాయించింది. అందులో తప్పు సగం నాది.

ఇలాంటి కార్లు మన రెండు జిల్లాల్లో కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని రంగు, నంబరు, తయారైన సంవత్సరం రాయడం లేదు. కుటుంబం ఒప్పుకున్నాకే, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

కారు, కుటుంబం

స్టాండర్డ్ హెరాల్డ్, నాలుగు తలుపుల మార్క్ 3. ఈ తరానికి హెరాల్డ్ అంటే తెలియకపోవచ్చు. బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టిన కారును మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి ఇక్కడ తయారుచేశారు. ఆ రోజుల్లో ఇటు అంబాసిడర్, అటు ఫియట్, మధ్యలో మద్రాసు కారు. చిత్తూరు మద్రాసుకు దగ్గర కాబట్టి, మన వైపు డాక్టర్లు, లాయర్లు, బెల్లం వ్యాపారులు కొందరు హెరాల్డ్ కొన్నారు. 948 సీసీ చిన్న ఇంజన్. బానెట్ ముందు మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకు ఒరుగుతుంది. మెకానిక్‌కు అంతకంటే సుఖమైన కారు లేదు, టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు.

ఈ కేసు అర్థం కావాలంటే దాని ఛాసిస్ గురించి, అంటే బండి బరువును మోసే చట్రం గురించి, రెండు మాటలు చెప్పాలి. అంబాసిడర్‌కు, ఫియట్‌కు బాడీయే ఛాసిస్. హెరాల్డ్‌కు అలా కాదు. మధ్యలో వెన్నెముకలాంటి ఛాసిస్ ఉంటుంది, దాని నుంచి రెండు పక్కలకూ రెక్కల్లా కమ్మీలు చాచి ఉంటాయి. వాటిని ఔట్‌రిగ్గర్లు అంటారు, మా షెడ్డులో మాత్రం రెక్కలే. బాడీ ముక్కలు ముక్కలుగా వచ్చి ఈ ఛాసిస్ మీద బోల్టులతో కూర్చుంటుంది. తలుపుల సందు సమంగా రావాలంటే ఆ బోల్టుల కింద పలచటి రేకులు ప్యాకింగ్ పెట్టి సరిచేయాలి. అంటే ఒక రెక్క రెండు మిల్లీమీటర్లు వంగినా పైన తలుపు చెబుతుంది. ఈ రెక్కలకే తుప్పు కూడా ముందు పడుతుంది. వెనక చక్రాలకు అడ్డంగా ఒకే కట్ట స్ప్రింగు ఉంటుంది. బాడీని కిందికి నొక్కితే వెనక చక్రాలు తలలు లోపలికి వాల్చి కూర్చుంటాయి.

కారు యజమాని చిత్తూరులో టీచరుగా రిటైరైన ఒకమ్మ. కారు ఆమె భర్తది, ఆయన పోయి రెండేళ్లయింది. పెద్దబ్బాయి జైపూర్‌లో స్థిరపడ్డాడు. మాఘమాసంలో మనవరాలి పెళ్లి. పెళ్లికూతురు తాతగారి కారులో మండపానికి రావాలని కుటుంబమంతా అనుకున్నారు. నాకు ఫోన్ వచ్చింది కార్తీకంలో. అంటే చేతిలో రెండు నెలల పైచిలుకు ఉంది. దూరం రెండు వేల కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ.

ముందు కొట్టేసిన దారులు

పెద్దబ్బాయికి మొదట వచ్చిన ఆలోచన నడుపుకుని పోవడం. "నాయన ఇదే కారులో మమ్మల్ని కొడైకెనాల్ తీసుకుపోయినాడన్నా" అన్నాడు. ఆయన తీసుకుపోయిన రోజున కారు వయసు పదేళ్లు. నేను వాదించలేదు, ఒక పరీక్ష పెట్టాను. చిత్తూరు నుంచి పలమనేరు దారిలో మొగిలి ఘాటు ఎక్కించాం. ఘాటు సగంలో ఇంజన్ దగ్గి ఆగిపోయింది. పెట్రోల్ పంపు వేడెక్కి, పైపులోనే పెట్రోల్ ఆవిరైపోయింది. తడిగుడ్డ కట్టి ఇరవై నిమిషాలు చల్లార్చాక మళ్లీ కదిలింది. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్‌కు పాత రబ్బరు పైపులు ఎలాగూ నిలవవు, అవి మార్చాల్సిందే. పంపు కూడా మార్చొచ్చు. కానీ నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న కారును నాగ్‌పూర్ హైవే మీద మల్టీ యాక్సిల్ లారీల మధ్య వదలడానికి నాకు మనసు ఒప్పలేదు. పెద్దబ్బాయి కూడా ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

టీచరమ్మ రైలు సంగతి అడిగారు. "రేణిగుంట నుంచి ఢిల్లీకి పాలే రైల్లో పోతా ఉంటే, కారు పోదా నాయనా?" మంచి ప్రశ్నే. రైల్లో కార్లు పోతాయి, లక్షల్లో పోతాయి. కానీ అవి కంపెనీల కార్లు. పాత ప్రయాణికుల బోగీలను మార్చి చేసిన ఎన్‌ఎంజీ వ్యాగన్లలో, రెండంతస్తుల కార్ల వ్యాగన్లలో, మొత్తం రైలుకు రైలే బుక్ చేసుకుని పంపుతారు. బైకునైతే పార్సిల్ ఆఫీసులో ఇచ్చి రావొచ్చు. ఒంటి కారుకు అంత సులువు కాదు. ఒకవేళ కుదిరినా, స్టేషన్ దాకా ఒకసారి, ప్లాట్‌ఫారం మీద ఒకసారి, అక్కడ దించేటప్పుడు ఇంకోసారి చేతులు మారాలి. అప్పటికి ఈ చేతులు మారే విషయం నా బుర్రలో అంత లోతుగా లేదు. ఉండి ఉంటే తర్వాతి తప్పు జరిగేది కాదు.

మిగిలింది రోడ్డు. మూడు కొటేషన్లు తెప్పించాం. ఎనిమిది కార్లు ఎక్కే ఓపెన్ ట్రైలర్‌కు 21 వేలు. నాలుగు పక్కలా మూసిన కార్ క్యారియర్‌లో ఒక చోటు, ఇంటి దగ్గర పికప్‌తో కలిపి 43 వేలు. ఒక్క కారునే ఎక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్‌కు 95 వేలు, తిరుగు ప్రయాణం ఖాళీగా రావాలి కాబట్టి.

ఓపెన్ ట్రైలర్ వద్దనడానికి దుమ్ము, రాళ్లు అసలు కారణం కాదు. కొత్త కార్లన్నీ అలాగే వస్తాయి, ఏమీ కాదు. నా భయం బానెట్. హెరాల్డ్ బానెట్‌కు కీలు ముందు ఉంటుంది, కొక్కేలు వెనక పక్కల ఉంటాయి. కారు ముందుకు పోతున్నప్పుడు గాలి బానెట్‌ను నొక్కి పడుతుంది. అదే కారును ట్రైలర్ మీద వెనక్కి తిప్పి ఎక్కిస్తే గాలి దాని కిందికి దూరుతుంది. చోటు కలిసి రావడానికి లోడింగ్ వాళ్లు కార్లను ఎటు పడితే అటు తిప్పి పెడతారు. కవర్ కప్పి పంపుదామని పెద్దబ్బాయి అన్నాడు. గుడ్డ కవర్ గాలికి రెపరెపలాడి, లోపల చేరిన దుమ్ముతో కలిసి పెయింట్‌ను ఉప్పుకాగితంలా రుద్దేస్తుంది. ఆ దెబ్బ తిన్న కారును ఒకదాన్ని నేనే మళ్లీ రంగు వేసి ఇచ్చాను.

కాబట్టి మూసిన క్యారియర్ అన్నాను. ఖరీదైన కారుకు మూసిన బండి, మామూలు కారుకు తెరిచిన బండి అని అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను. పెద్దబ్బాయి ఆన్‌లైన్‌లో బుక్ చేశాడు.

ఎక్కడ చెడింది

క్యారియర్ ఒక్క కారు కోసం చిత్తూరు రాదు. అది శ్రీపెరుంబుదూరు పక్కన యార్డులో నిండి, అక్కడి నుంచి బయల్దేరుతుంది. కొటేషన్‌లో 'ఇంటి దగ్గర పికప్' అన్న రెండు ముక్కలకు అర్థం ఏమిటంటే, ఎవరో ఒక టోయింగ్ బండివాడు వచ్చి కారును 115 కిలోమీటర్లు రాణిపేట మీదుగా యార్డుకు చేరుస్తాడని. ఆ టోయింగ్ బండి బుకింగ్ కంపెనీది కాదు. వాళ్లు ఇంకొకరికి చెప్పారు, ఆ ఇంకొకరు చిత్తూరు బైపాస్‌లో ఖాళీగా ఉన్న బండికి చెప్పారు.

ఆ రోజు నేను అక్కడ లేను. తిరుపతిలో వేరే కారు డెలివరీ ఉందని, "మూసిన బండే కదా, పర్వాలేదులే" అనుకున్నాను. మూసిన బండి యార్డు నుంచి మొదలవుతుందన్న స్పృహ నాకు లేకపోయింది. టోయింగ్ కుర్రాడు తన అలవాటు ప్రకారం కారు కింద గట్టిగా కనిపించిన కమ్మీకి గొలుసు కొక్కెం తగిలించి బిగించాడు. అంబాసిడర్‌కైతే అక్కడ ఏమీ కాదు. హెరాల్డ్‌కు అది ఎడమవైపు ముందు రెక్క. తర్వాత ఫోన్‌లో అడిగితే, "ఏం కాదన్నా, కదలకుండా గట్టిగానే కట్టినా" అన్నాడు. నిజమే, గట్టిగానే కట్టాడు.

సాయంత్రం యార్డు నుంచి పెద్దబ్బాయికి వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు వచ్చాయి. ఆయన సంతోషంగా నాకు పంపాడు. రెండో ఫొటోలో ఎడమ ముందు తలుపు పైసందు కింది సందు కంటే వెడల్పుగా ఉంది. వెలుతురు వల్లనేమో అనుకుని ఫోన్ పెద్దది చేసి చూశాను. కాదు. పికప్‌కు ముందు టీచరమ్మ ఇంటి వాకిట్లో మనవడు తీసిన వీడియో తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా ఉంది.

అప్పుడు నా ముందు రెండు దారులు. యార్డులోనే కారు క్యారియర్ ఎక్కితే ఎలాగూ జైపూర్ చేరుతుంది, పెళ్లికి టైమ్ ఉంది, తలుపు అక్కడే సరిచేయించుకోవచ్చు. లేదా వెనక్కి తెప్పించాలి. పెద్దబ్బాయికి మొదటిదే ఇష్టం. నేను వెనక్కే అన్నాను. కారణం తలుపు కాదు. యార్డుకు ఫోన్ చేసి అడిగితే ఇంకో సంగతి బయటపడింది. ఆ క్యారియర్ జైపూర్ పోదు, గురుగ్రామ్ యార్డు దాకే పోతుంది. అక్కడ దించి, మళ్లీ ఇంకో టోయింగ్ బండి మీద జైపూర్. అంటే ఒక్క రెక్క వంగిన కారును, దాని గురించి తెలియని మనుషులు ఇంకో మూడు నాలుగు సార్లు ఎక్కించి దించుతారు. వంగిన రెక్క మీద మళ్లీ గొలుసు పడితే తుప్పు పట్టిన చోట విరిగిపోవచ్చు.

యార్డుకు నేనే పోయాను. కారు వానలో ఆరుబయట ఉంది, క్యారియర్ ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. తెలిసిన ఫ్లాట్‌బెడ్ తీసుకుపోయి, టైర్ల మీద బెల్టులు వేసి, పక్కన కూర్చుని తిరుపతి షెడ్డుకు తెచ్చాను.

కాగితాల్లో ఉన్న కంత

డబ్బు అడగబోతే తెలిసింది, ఆ 115 కిలోమీటర్లు కారు ఎవరి కాగితంలోనూ లేదని. ఎల్‌ఆర్, అంటే లారీ రసీదు, యార్డులో క్యారియర్ ఎక్కాకే ఇస్తారట. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ కూడా ఆ రసీదు తేదీ నుంచే. పికప్ చేసినప్పుడు కుర్రాడు సంతకం పెట్టిన కండిషన్ రిపోర్టు లేదు. మనవడి వీడియో ఒక్కటే సాక్ష్యం.

ఇంకోటి. బుకింగ్ ఫారంలో కారు విలువ అడిగిన చోట పెద్దబ్బాయి లక్ష అని రాశాడు. పాత కారు, ఎక్కువ రాస్తే ఇన్సూరెన్స్ డబ్బు ఎక్కువవుతుందని. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, దాని 2011 నాటి నిబంధనల ప్రకారం, ఎక్కువ విలువ ప్రకటించి అదనపు ఛార్జీ కట్టకపోతే రవాణా సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్లు మించదు. ఆ మొత్తం కూడా మనం ప్రకటించిన విలువను దాటదు. అంటే 43 వేల కిరాయికి పది రెట్లు 4 లక్షల 30 వేలు కావాల్సింది, తన చేత్తోనే లక్షకు దించుకున్నాడు. కారు మొత్తం బుగ్గి అయినా అంతే వచ్చేది.

అదే చట్టం ప్రకారం కోర్టుకు పోవాలంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది బుకింగ్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు. మేము నోటీసు పంపాం. టోయింగ్ ఖర్చు పట్టుకుని మిగతా కిరాయి వెనక్కి ఇచ్చారు. రిపేరు డబ్బు గురించి మాత్రం ఉలకలేదు, పలకలేదు. "కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చేయించండి వాళ్లతో" అని టీచరమ్మ నవ్వారు. కోర్టు దాకా పోయే ఓపిక ఆమెకు లేదు. రిపేరుకు 14 వేలు అయింది. అందులో సగం నేను వేసుకున్నాను. పికప్ రోజు అక్కడ ఉండి ఉంటే ఆ ఖర్చే లేదు.

రెక్కను నెమ్మదిగా స్థానానికి తెచ్చి, తుప్పు ఉన్నచోట కొత్త రేకు వేసి, బాడీ ప్యాకింగ్ మళ్లీ సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా ధనుర్మాసం వచ్చేసింది. "ధనుర్మాసంలో ఇంటి బండి గడప దాటకూడదు" అని టీచరమ్మ పట్టుబట్టారు. నాకు విసుగొచ్చింది కానీ, ఆమె మాట ఒక రకంగా మేలే చేసింది. సంక్రాంతి ముందు ఉత్తరాదికి పోయే డ్రైవరు దొరికినా, పండక్కి ఇంటికి రావాలన్న తొందరలో బండి తోలతాడు. కనుమ అయ్యాక పంపుదామని నిర్ణయించాం. ఆలోచించుకోవడానికి నాకు మూడు వారాలు దొరికాయి.

ప్రశ్న మార్చుకున్నాను

అప్పటిదాకా నేను అడిగిన ప్రశ్న, ఏ బండి మంచిది అని. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, చిత్తూరు వాకిలి నుంచి జైపూర్ వాకిలి దాకా కారు ఎన్నిసార్లు ఎక్కుతుంది, ఎన్నిసార్లు దిగుతుంది, ప్రతిసారీ బెల్టు బిగించేది ఎవరు అని రాశాను. మూసిన క్యారియర్‌కు ఎక్కడం దిగడం కలిపి ఆరు. కట్టే మనుషులు మూడు జట్లు, ఒకరికొకరు తెలియదు. ఒంటి ఫ్లాట్‌బెడ్‌కు రెండే, మనిషి ఒక్కడే. కానీ 95 వేలు, పైన ఆచ్ఛాదన లేదు. పైగా టోయింగ్ ఫ్లాట్‌బెడ్ డ్రైవర్లకు వంద, రెండు వందల కిలోమీటర్ల పనే అలవాటు, ఐదు రోజుల ప్రయాణం అలవాటు లేదు.

అప్పుడు టేపు పట్టుకుని కారు కొలిచాను. పొడవు పన్నెండు అడుగుల తొమ్మిది అంగుళాలు, వెడల్పు ఐదడుగులు, ఎత్తు నాలుగున్నర అడుగుల లోపే. పందొమ్మిది అడుగుల మామూలు కంటైనర్ లారీ, అదే ఫ్రిజ్‌లూ పార్సిళ్లూ మోసే బండి, లోపల వెడల్పు ఏడడుగులు. హెరాల్డ్ దానిలో హాయిగా పడుతుంది, ముందూ వెనకా కలిపి ఆరడుగులు మిగులుతుంది కూడా. బరువు ఎనిమిది వందల కిలోలు, ఆ లారీకి అది లెక్కలోకే రాదు. ఫుల్ లోడ్ కిరాయి 72 వేలకు కుదిరింది. ఎక్కిన లారీయే జైపూర్‌లో దిగుతుంది, మధ్యలో యార్డు లేదు. ఇప్పటి పెద్ద కార్లకు ఈ ఉపాయం పనికిరాదు. పాత కార్లు చిన్నవి కాబట్టే కుదిరింది.

చిక్కు ఒక్కటే. కార్ క్యారియర్‌కు ర్యాంపు ఉంటుంది, పార్సిల్ లారీకి ఉండదు. దాని నేల మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. రెండు పలకలు వేసి ఎక్కిద్దామని లారీ ఓనరు అన్నాడు. అంత ఏటవాలుకు హెరాల్డ్ సైలెన్సర్ నేలకు రాసుకుంటుంది, పలక జారిందంటే అక్కడితో కథ ముగుస్తుంది. సరుకు ఎక్కించే ప్లాట్‌ఫారం కావాలి, దాని మీదికి కారు నడిచి పోయే దారి కూడా ఉండాలి.

చిత్తూరులో ఆ రెండూ ఎక్కడ ఉంటాయో చిత్తూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. జూన్, జూలైలలో తోతాపురి ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరే ఆ ఆవరణలు జనవరిలో నిర్మానుష్యంగా ఉంటాయి. గుజ్జు డ్రమ్ములు లారీకెక్కించే ప్లాట్‌ఫారం, ఫోర్క్‌లిఫ్టు ఎక్కే సిమెంటు వాలు, అన్నీ ఉన్నాయి. నాకు తెలిసిన సూపర్‌వైజర్ ఒకాయన మేనేజరుతో మాట్లాడి ఒక పూట ఇప్పించాడు.

లోడింగ్ రోజు

ముందు రోజే లారీ నేలలో, ఛాసిస్ క్రాస్ కమ్మీల మీదుగా, ఎనిమిది డి-రింగులు బోల్టులతో బిగించాం. ఓనరు మొదట ఒప్పుకోలేదు. రింగులు తనకే వదిలేస్తామంటే ఒప్పుకున్నాడు. ప్లాట్‌ఫారానికీ లారీ నేలకూ నాలుగు అంగుళాల తేడా ఉంటే చెక్కర్ ప్లేటు, అంటే జారకుండా గరుకు గీతలున్న మందపాటి ఇనుప పలక, వేసి కలిపాం. కారును ఇంజన్‌తో కాకుండా నలుగురం నెట్టి ఎక్కించాం. మూసిన కంటైనర్‌లో క్లచ్ మీద ఆడించడం ఎందుకు? కుడి గోడ వైపు కొంచెం జరిపి నిలబెడితే ఎడమ పక్కన అడుగున్నర దారి మిగిలింది, బక్కపలచని వాడు అడ్డంగా నడవడానికి సరిపోతుంది. మా షెడ్డులో ఆ వేషానికి ఒకడున్నాడు.

కట్టే పద్ధతి ఇది. నాలుగు బెల్టులు, నాలుగు టైర్ల మీదుగా, ఒక్కో బెల్టు రెండు కొసలూ నేల రింగులకు. ఛాసిస్‌ను గానీ, యాక్సిల్‌ను గానీ, స్ప్రింగును గానీ ఏదీ తాకదు. చక్రాలు నేలకు అతుక్కుని ఉంటాయి, బాడీ తన స్ప్రింగుల మీద తాను ఊగుతూ ఉంటుంది. బాడీని లాగి కడితే గుంతలో పడినప్పుడల్లా స్ప్రింగు ఇంకొంచెం దిగి, బెల్టు వదులై, మళ్లీ పైకి లేచినప్పుడు ఝాడిస్తుంది. రెండు వేల కిలోమీటర్లలో అలాంటి గుంతలు ఎన్నో. చక్రాల ముందూ వెనకా సరుగుడు దిమ్మెలు పెట్టి నేలకు మేకులు కొట్టాం. ఫస్ట్ గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ సగమే లాగాం. బ్యాటరీ తీగ విప్పేశాం. ట్యాంకులో మూడు నాలుగు లీటర్లే ఉంచాం. వీల్ క్యాపులు, వైపర్లు, పక్క అద్దం ఊడదీసి పాత దుప్పట్లో చుట్టి డిక్కీలో పెట్టాం. అద్దం మీది ఫాస్టాగ్‌ను వంటింటి అల్యూమినియం కాగితంతో చుట్టాను. లారీ మీద పోతున్న కారు ట్యాగును టోల్‌గేటు చదివేసి డబ్బు కోసిన సందర్భాలు ఉన్నాయి. రేకు కంటైనర్ లోపలికి సిగ్నల్ పోదు కానీ, దించాక ఫ్లాట్‌బెడ్ మీద పోయే పని ఉంది కదా.

బెల్టులన్నీ డ్రైవరు చేతనే కట్టించాను. నేను చూపించి, విప్పేసి, ఆయనను మళ్లీ కట్టమన్నాను. పీలేరు వైపు మనిషి, యాభై దాటిన వయసు, మొదట చిన్నబుచ్చుకున్నాడు. "ముప్పై ఏండ్లుగా తోలతా ఉండా సార్, నాకు కట్టేది నేర్పిస్తావా?" అన్నాడు. "మీకు నేర్పించడం కాదన్నా, జైపూర్‌లో విప్పేవాళ్లకు మీరు చెప్పాల కదా" అన్నాక మెత్తబడ్డాడు. మిగిలిన ఆరడుగుల ఖాళీ గురించి కూడా ముందే మాట్లాడుకున్నాం. దారిలో ఎవరో నాలుగు బాక్సులు వేస్తామంటే కాదనడం డ్రైవరుకు కష్టం. అందుకే అడ్డంగా చెక్క కట్టి మూసేశాం, ఫుల్ లోడ్ అని ఎల్‌ఆర్ మీద రాయించాం.

ఎల్‌ఆర్ ప్లాట్‌ఫారం దగ్గరే, కారు కదలకముందే రాయించాం. విలువ ఈసారి సర్వేయర్ ఇచ్చిన వాల్యుయేషన్ ప్రకారం. ఇరవై ఆరు ఫొటోలు, వాటిలో ఎనిమిది కారు కింది వైపువి. డ్రైవరూ, టీచరమ్మా సంతకాలు. కారుకు సమగ్ర పాలసీ ఉంటే, రోడ్డు మీదో రైల్లోనో రవాణాలో ఉన్నప్పటి నష్టాన్ని కూడా మామూలుగా ఆ పాలసీయే చూస్తుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఈ కారుకు థర్డ్ పార్టీ మాత్రమే ఉంది. అందుకని విడిగా ట్రాన్సిట్ పాలసీ తీసుకున్నాం. అందులో ఏ క్లాజ్, బీ క్లాజ్ అని ఉంటాయి. బీ అంటే నిప్పు, పిడుగు, వంతెన కూలడం, లారీ ఢీకొనడం, బోల్తా పడటం లాంటి లెక్కపెట్టి రాసిన ప్రమాదాలకే. ఏ అంటే మినహాయింపులు పోను మిగతావన్నీ. మొదటిసారి జరిగిన నష్టం లాంటిది బీలో రాదు. సరిగా కట్టకపోవడం ఏలో కూడా మినహాయింపే, అందుకే కట్టిన తీరుకు అన్ని ఫొటోలు.

ఇల్లు మారే సొంత వాడుక వస్తువులకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్‌టీ వాళ్లు అడిగే కాగితం, అక్కర్లేదు. అయినా దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి ఆర్‌సీ కాపీ, టీచరమ్మ సంతకంతో ఒక ఉత్తరం ఇచ్చాం. ఆర్‌సీ ఇంకా చనిపోయిన ఆయన పేరు మీదే ఉందని అప్పుడు చూశాను. మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవాల్సింది. దాన్ని మార్చాక, రాజస్థాన్‌లో పన్నెండు నెలలకు మించి ఉంచేట్టయితే ఇక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ కూడా తీసుకోవాలి. పెళ్లి ఊరేగింపుకు ముందు ఆ పని మొదలుపెట్టమని పెద్దబ్బాయికి గట్టిగా చెప్పాను. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కానీ అలా చేయిస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు లాంటి వాటికే. టీచరమ్మకు అది నచ్చలేదు. "కారంటే ఎక్కి తిరిగేదానికే కదా" అన్నారు.

లారీ కదిలే ముందు ఆమె నిమ్మకాయలు తెచ్చారు. లారీ టైర్ల కింద నాలుగు, హెరాల్డ్ టైర్ల కింద నాలుగు పెట్టాలట. బెల్టులు కట్టేసిన కారు కింద నిమ్మకాయ ఎలా పగలాలి? చివరికి ఆ నాలుగూ డ్యాష్‌బోర్డు మీద పెట్టాం.

దారిలో, అక్కడ

పీలేరులో టీకి ఆగి బెల్టులు చూడమని చెప్పి పంపాను. టైరు సర్దుకున్నాక మొదటి యాభై, అరవై కిలోమీటర్లలో బెల్టు వదులవడం మామూలే. చూశాడు, బెల్టు బిగించే పళ్ల చక్రాన్ని ఇంకో రెండు పళ్లు తిప్పాడు, వీడియో పంపాడు. తర్వాత కర్నూలులో, ఆదిలాబాద్ దాటాక, భోపాల్ ముందు. రోజుకు ఒక్క వీడియో అన్నాం, ఆయన మూడేసి పంపేవాడు.

దించడం గురించి నాకు నిద్ర పట్టలేదు. జైపూర్‌లో ప్లాట్‌ఫారం వెతకడం పెద్దబ్బాయి వల్ల కాలేదు. చివరికి, నేల వంచగలిగే ఫ్లాట్‌బెడ్‌ను వెనక్కి తెచ్చి లారీ వెనక తలుపుకు ఆనించి, దాని నేలను లారీ నేల ఎత్తుకు లేపి, మధ్యలో అదే చెక్కర్ ప్లేటు వేసి వంతెన కట్టారు. ఆ ప్లేటును లారీలోనే పంపడం నేను ఆ కేసులో చేసిన మంచి పనుల్లో ఒకటి. పగలు లారీలకు నో ఎంట్రీ కాబట్టి ఊరి బయట రాత్రి పదకొండుకు దించారు. అక్కడి ఫ్లాట్‌బెడ్ మనిషి అలవాటుగా గొలుసు తీసుకుని కారు కిందికి వంగాడట. మన డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆపి, వచ్చీరాని హిందీలో "టైర్ పే, టైర్ పే" అని, తానే టైర్ల మీద బెల్టులు వేశాడు. ఆ వీడియోలో మాటలు సరిగా వినబడవు కానీ ఆ చెయ్యి పట్టుకోవడం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ముందు కారు పొడవు, వెడల్పు అడుగుతాను. తర్వాత కారు కింద ఎక్కడ కట్టకూడదో తెల్ల పెయింటుతో గుర్తు పెడతాను. పికప్ రోజు నేను రాలేకపోతే ఆ రోజు పికప్ వద్దంటాను. దీనివల్ల ఇద్దరు కస్టమర్లు పోయారు కూడా. మామూలు మారుతినో, ఐదేళ్ల క్రెటానో పంపేవాళ్లకు మాత్రం ఇప్పటికీ ఓపెన్ ట్రైలరే చెబుతాను. ఇంత హంగామా వాటికి దండగ.

పెళ్లి బాగా జరిగింది, కారు రెండు కిలోమీటర్లు నడిచింది. డ్యాష్‌బోర్డు మీది నాలుగు నిమ్మకాయల్లో మూడే చేరాయి, నాలుగోది ఎక్కడ దొర్లిపోయిందో ఎవరికీ దొరకలేదు. ఎడమ ముందు తలుపును మాత్రం ఇప్పటికీ కొంచెం గట్టిగా వేయాల్సి వస్తోందట. ఎండాకాలంలో ఒక కుర్రాణ్ణి, పలచటి రేకులు కొన్ని ఇచ్చి, జైపూర్ రైలెక్కించాలి.